కింద నుంచి పిలుపు

అయిదున్నరకల్లా కింద నుంచి పిన్నిగారు "అమ్మాయ్, దిగుతున్నావా?" అని పిలుస్తారు. ఆ పిలుపు లేకపోతే ఈ నాలుగు నెలల నడక సాగేదే కాదు. ఇదివరకు జిమ్ముకి ఏడాది డబ్బు కట్టి రెండు వారాలకే మానేశాను. ఇప్పుడు రాత్రే బూట్లు గుమ్మం పక్కన పెట్టి, సాక్సులు వాటిలో దూర్చి పడుకుంటున్నా. పొద్దున ఆలోచించే పని ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం చేయమంటుంది, అంటే రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు. నేను మొదటి నెల రోజుకి పది నిమిషాలే నడిచాను. అదే నిలబెట్టింది. మా విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బళ్లు ఆపేస్తారు కదా, ఆ ఖాళీ రోడ్డు మీద కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాకా వెళ్లొస్తాం.

నిన్న పిలుపు రాలేదు. పిన్నిగారికి జ్వరం. ఒక్కదాన్నే నడిచి, వస్తూ ఆవిడకో కొబ్బరిబోండాం తెచ్చాను.