ఇంటనే ఉన్నతగణితము

పెండ్లియై పిల్లలు కలిగిన పిమ్మట గణితమున ఎం.ఎస్సీ. చదువవలెనని మేము సంకల్పించినప్పుడు, కామారెడ్డిలోని మా బంధువులలో పెక్కురు "ఇప్పుడా చదువెందుకమ్మా?" అనిరి. ఆ మాటకంటె మమ్ము భయపెట్టినది వేరొకటి. బి.ఎస్సీ. ముగిసి పది సంవత్సరములైనది. లెక్క చేయు పద్ధతులు జ్ఞప్తికి వచ్చుచుండెను గాని, అవి యేల నిజములో చెప్పజాలకుంటిమి. పై చదువున కావలసినది ఆ "ఏల" యే.

డిచ్‌పల్లిలో 2006లో నెలకొనిన తెలంగాణ విశ్వవిద్యాలయమునకు దినదినము పోయివచ్చుట సంసారపు బాధ్యతలతో సాధ్యము కాదు. కావున 1982లో స్థాపితమై, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు వహించిన సార్వత్రిక విశ్వవిద్యాలయమున చేరదలచితిమి. అంతకుముందు పునాది గట్టిపరచుకొనుటకై తెలుగు అకాడమీవారి డిగ్రీ పుస్తకములు తెప్పించుకొంటిమి. ఐ.ఐ.టి. ఆచార్యుల ఉపన్యాసములు సెల్‌ఫోనులో ఉచితముగా లభించుచున్నవి. అయితే వినునప్పుడు అంతయు తెలిసినట్లే తోచును. కాగితముపై వ్రాయబోయినప్పుడే తెలిసినదెంతయో తేలును.

ఒక యుదాహరణము చూడుడు. మా యూరు బెల్లమునకు పేరుపడినది. ఒక బెల్లపచ్చులో సగము తీసి, మిగిలినదానిలో సగము మరల తీసి, ఇట్లు పదిమారులు చేసినచో మిగులునది 1024వ వంతు మాత్రమే. కనుక అర, పావు, పరక, వీసము అని యెంత కూడినను మొత్తము ఒకటిని సమీపించునే గాని దాటదు. ఆ ఒకటియే దానికి అవధి.

ఇప్పుడు ఒకటి, అర, మూడవ వంతు, నాల్గవ వంతు, అయిదవ వంతు అని కూడుదము. ఇవియు సన్నగిల్లుచునే యున్నవి గదా, ఎచ్చటనో ఆగునని తోచును. ఆగదు! మూడవ, నాల్గవ వంతులు కలిసి అరకంటె నెక్కువ. అయిదు మొదలు ఎనిమిది వరకు గల వంతులు కలిసి మరల అరకంటె నెక్కువ. తొమ్మిది మొదలు పదునారు వరకును అంతే. ఇట్లు అరలు తెగక పుట్టుచుండగా మొత్తము ఏ హద్దునైనను దాటును. ఫ్రాన్సు దేశస్థుడైన నికోల్ ఒరేమ్ 14వ శతాబ్దముననే దీనిని నిరూపించెను. చూపునకు ఒకే తీరుగనున్న రెంటిని వేరుపరచునది నిరూపణమే.

సోదరీమణులారా, ఒంటరిగా చదువువారికి మేము చెప్పగలిగినది ఇది. సిద్ధాంతమును చదివి, పుస్తకము మూసి, నిరూపణమును స్వయముగా వ్రాయుడు. అందలి ప్రతి నియమమును ఒక్కొక్కటిగా తొలగించి, ఏమి చెడునో చూడుడు. దినమునకు ఒక్క సిద్ధాంతమైనను చాలును.

తెల్లవారుజామున ఒక గంట మాదని ఇంటిలోనివారికి చెప్పుటయే అన్నిటికంటె కష్టమైనది. మొదట నవ్విరి, ఇప్పుడా వేళ మమ్మెవరును పిలువరు. పండుగలనాడు అది అరగంట యగును, పిల్లలకు జ్వరము వచ్చిననాడు పావుగంట. ఈ యేడు దరఖాస్తు పంపుచున్నాము. స్వల్పమైన వంతులు కూడి యెంత దూరము పోగలవో లెక్క కట్టి చూచినవారము గనుక, కాలము చాలదను భయము మాకిప్పుడు తగ్గినది.