‘ఎక్కడిదాకా వచ్చారు?’ అని ఫోన్ చేసే ముందు



ఈ నెల మార్కుల గురించో, హోంవర్క్ గురించో రాయడం లేదు. మనందరం రోజూ వాడే ఒక చిన్న ప్రశ్న గురించి రాస్తున్నాను. ‘ఎక్కడిదాకా వచ్చారు?’ అన్నదే ఆ ప్రశ్న.

ఏడో తరగతి పిల్లల చేత ఇంగ్లిష్ మాట్లాడించడానికి ఫోన్ సంభాషణలు నటించమంటుంటాను. మొన్న ఒక అబ్బాయి లేచి, తల ఒక పక్కకు వంచి, చెవికీ భుజానికీ మధ్య డస్టర్ ఇరికించుకుని, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకున్నట్టు నిలబడి ‘హలో, టెల్ మీ’ అన్నాడు. క్లాసంతా ఒక్కసారిగా నవ్వింది. ఎవరిని చూసి నేర్చుకున్నావని అడిగితే ‘మా డాడీ మేడమ్, బండి మీద’ అన్నాడు. ‘మా డాడీ కూడా’, ‘మా బాబాయ్ కూడా’ అంటూ సగం చేతులు లేచాయి.

‘మరి అటువైపు నుంచి ఫోన్ చేసేదెవరు?’ అని అడిగాను. మమ్మీ అన్నారు కొందరు. ఆఫీసు వాళ్లు, షాపు వాళ్లు అన్నారు మరికొందరు. ఒక అమ్మాయి మాత్రం నెమ్మదిగా, ‘నేనే మేడమ్. ఇంకా రాలేదేంటని నేనే చేస్తాను’ అంది.

ఆ పాప తప్పేమీ లేదు. కానీ ఆ జవాబు నన్ను ఆలోచనలో పడేసింది. ‘ఫోన్ మాట్లాడుతూ బండి నడపకండి’ అని పోలీసులు చెబుతారు, బోర్డులు చెబుతాయి, మేమూ చెబుతాం. ఇవన్నీ ఫోన్ ఎత్తేవారికి చెప్పే మాటలు. చేసేవారికి ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

కొన్ని లెక్కలు చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 11 మీటర్లు. జేబులోంచి ఫోన్ తీసి, పేరు చూసి, హలో అనడానికి 3 సెకన్లు పట్టిందనుకోండి, బండి 33 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. అంటే ఒకటిన్నర క్రికెట్ పిచ్ దూరం, రోడ్డు చూడకుండా. బండి నడుపుతూ ఫోన్ వాడేవారికి ప్రమాదం జరిగే అవకాశం వాడనివారికంటే దాదాపు 4 రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

‘నేను బ్లూటూత్ వాడతాను, చేతులు ఖాళీగానే ఉంటాయి’ అని చాలామంది అంటారు. చేతులు ఖాళీగానే ఉంటాయి, మనసు ఉండదు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ అనే ప్రొఫెసర్ బృందం 2001 నుంచి ఈ విషయం మీద వరుసగా ప్రయోగాలు చేసింది. ఫోన్ చేతిలో ఉన్నా, చెవిలో ఉన్నా ధ్యాస తప్పడం ఒకేలా ఉందని తేలింది. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి, ఎదురుగా ఉన్నది మాత్రం బుర్రకు ఎక్కదు.

పక్క సీట్లో మనిషితో మాట్లాడితే మాత్రం ఇంత ప్రమాదం కనిపించలేదు. కారణం సులువే. పక్కనున్న మనిషికి కూడా రోడ్డు కనిపిస్తుంది. ఎదురుగా లారీ వస్తే తనంతట తానే మాట ఆపేస్తాడు, ‘చూసుకో’ అంటాడు. ఫోన్‌లో ఉన్న మనకు ఆ లారీ కనిపించదు. మనం అడుగుతూనే ఉంటాం, అవతలి వారు జవాబిస్తూనే ఉంటారు.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ రైలు ఢీకొట్టింది. పది మందికి పైగా పిల్లలు చనిపోయారు. డ్రైవర్ ఫోన్ మాట్లాడుతున్నాడని బతికి బయటపడ్డ పిల్లలు చెప్పినట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆ తర్వాత దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ 2019 నాటికి తీసేశారు. గేటు సంగతి రైల్వే వాళ్లు చూసుకున్నారు. డ్రైవర్ జేబులో మోగే ఫోన్ సంగతి మనమే చూసుకోవాలి.

మన నల్లపాడు రోడ్డు సంగతి మీకు తెలియనిది కాదు. మిర్చి సీజన్ వస్తే టిక్కీల లోడ్లతో లారీలు, ట్రాక్టర్లు గుంటూరు యార్డుకు వరుస కడతాయి. వాటి మధ్యలోనే మన స్కూలు బస్సులు, ఆటోలు, మీ బండ్లు. ఈ రోడ్డు మీద 3 సెకన్లు చాలా ఎక్కువ.

చట్టం కూడా ఊరుకోదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, ఫోన్ చేత్తో పట్టుకుని వాడుతూ బండి నడపడం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది. మొదటిసారి దొరికితే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ.

ఎందుకు ఫోన్ చేస్తామో నాకు తెలుసు. భయంతో చేస్తాం. నా చిన్నప్పుడు మా నాన్న పల్నాడు నుంచి ట్రాక్టర్‌లో మిర్చి వేసుకుని యార్డుకు వెళ్లేవారు. ఇంట్లో ఫోన్ లేదు. చీకటి పడినా రాకపోతే అమ్మ అరుగు మీదే కూర్చునేది, అన్నం తినేది కాదు. ఆ ఎదురుచూపు బాగుండేదని నేను చెప్పను. కానీ అమ్మ భయం అరుగు మీదే ఉండేది, నాన్న స్టీరింగ్ దాకా వెళ్లేది కాదు. ఇప్పుడు మన భయం ఒక్క నిమిషంలో వాళ్ల చెవిలోకి వెళ్లిపోతోంది.

అందుకే మీకు నాలుగు విన్నపాలు.

బస్సు ఆలస్యమైతే డ్రైవర్‌కు చేయకండి. బస్సులో ఉన్న ఆయాకో, స్కూల్ ఆఫీసుకో చేయండి. ఆటోలో పంపేవారు బయల్దేరే ముందో, చేరాకో మాట్లాడండి.

ఎవరికి ఫోన్ చేసినా మొదటి మాట ‘డ్రైవింగ్‌లో ఉన్నారా?’ అని అడగండి. అవునంటే వెంటనే పెట్టేయండి. ‘ఒక్క మాట, చెప్పేస్తాను’ అనవద్దు. స్కూలు నుంచి ఫోన్ చేసినప్పుడు మేమూ ఇదే పాటిస్తాం.

కారులో వెళ్లేటప్పుడు ఫోన్ పిల్లల చేతికివ్వండి, ఆటలకు కాదు. ‘డాడీ డ్రైవింగ్‌లో ఉన్నారు, తర్వాత చేస్తారు’ అని చెప్పే ఉద్యోగం వాళ్లది. ఎంత శ్రద్ధగా చేస్తారో చూడండి.

బండి మీద ఉన్నప్పుడు మోగితే మోగనివ్వండి. మాట్లాడక తప్పదనిపిస్తే పక్కకు ఆపి మాట్లాడండి.

చివరగా ఒక్క మాట. మనవాళ్లు ఫోన్ ఎత్తకపోతే మనకు కోపం వస్తుంది, కంగారు పుడుతుంది. ఇకనుంచి ఇంట్లో అందరం ఒక ఒప్పందానికి వద్దాం. ఎత్తలేదంటే, జాగ్రత్తగా నడుపుకుంటూ ఇంటికి వస్తున్నారని అర్థం.