నకలు పేరు

నాన్న చెబుతుంటే టైపు చేసుకున్న జ్ఞాపకాల ఫైళ్ళు ఒక రాత్రి నా తప్పు కమాండ్‌తోనే పోయాయి. వర్చువల్ మెషీన్ బ్యాకప్ ఉందిగా అని, ఆ డిస్కుని అదే మెషీన్‌కి తగిలించాను. ఎల్‌వీఎమ్ ససేమిరా అంది. వాల్యూమ్ గ్రూప్ పేరూ, యూయూఐడీలూ అచ్చం అసలువే. ఏది ఏదో దానికెలా తెలుస్తుంది? వీజీఇంపోర్ట్‌క్లోన్‌తో నకలుకి కొత్త పేరూ, కొత్త గుర్తింపూ ఇచ్చి, వాల్యూమ్‌ని యాక్టివేట్ చేశాను. ఎక్స్‌ఎఫ్‌ఎస్ కూడా అదే పేచీ పెడితే నోయూయూఐడీ ఆప్షన్‌తో, రీడ్ ఓన్లీగా మౌంట్ చేశాను.

ఫైళ్ళన్నీ ఉన్నాయి. తెల్లవారేదాకా చదివాను. నాన్న తడబాట్లు, తిట్లు, చెప్పిందే మళ్ళీ చెప్పడం ఏవీ లేవు. అన్నీ నేనే సాపు చేసేశాను. అడుగుదామంటే ఆయన లేరు.

'నాన్న జ్ఞాపకాలు' అన్న ఫోల్డర్ పేరుని 'నాన్న చెప్పగా నేను రాసినవి' అని మార్చాను.