క్రూసో కథ: రెండవ భాగము

రాబిన్సన్ క్రూసో పేరు వినని విద్యార్థి యరుదు. ఓడ పగిలి, నిర్జన ద్వీపమున 28 సంవత్సరములు గడపిన యా యాంగ్ల నావికుని కథను సంగ్రహరూపముననైన ననేకులు చదివియే యుందురు. కాని దానికి రెండవ భాగము గలదని యెరిగినవారు స్వల్పము. డేనియల్ డీఫో మొదటి భాగమును 1719వ సంవత్సరము ఏప్రిల్ మాసమున ప్రకటించెను. దానికి గలిగిన యాదరమును జూచి, యా సంవత్సరము ఆగస్టునందే రెండవ దానిని వెలువరించెను. ఇదియే కడపటిదని ముఖపత్రమున వ్రాయించియు, 1720లో మూడవ దానిని గూడ ప్రకటించెను!

నేనీ రెండవ భాగమును వేసవి సెలవులలో చదివితిని. ఫ్రైడే యేమయ్యెనో తెలిసికొనవలెననునదియే నా కోరిక. మొదటి భాగమున, శత్రువుల పడవలో బంధింపబడియున్న తన తండ్రిని గుర్తించి, ఫ్రైడే కౌగిలించుకొని, యేడ్చి, నవ్వి, గంతులు వేసిన ఘట్టము నాకు మిక్కిలి ప్రియమైనది. పిమ్మట క్రూసో యా వృద్ధుని నొక స్పెయిన్ దేశీయునితో గూడ నావలి తీరమునకు పంపెను. వారు తిరిగి రాకమునుపే యొక యాంగ్ల నౌక వచ్చెను. క్రూసో ఫ్రైడేను వెంటగొని వెడలిపోయెను. తిరిగివచ్చిన తండ్రికి కుమారుడు కానరాలేదు. ఆ దుఃఖమును గూర్చి మొదటి భాగము పలుకదు.

రెండవ భాగమున నరువదేండ్లు దాటిన క్రూసో ద్వీపమును చూడ బయలుదేరును. తీరము సమీపించుచుండగా, తక్కినవారి కన్నులకు కానరాని దూరముననే ఫ్రైడే తన తండ్రిని గుర్తించెను. పరుగున బోయి, యెత్తి కూర్చుండబెట్టి, పాదములు నిమిరి ముద్దిడెను. మరునాడు చేయి పట్టుకొని తీరమున నడిపించుచు, నడుమనడుమ పడవకు వచ్చి, చక్కెర గడ్డయో బిస్కత్తో తండ్రికై కొనిపోవుచుండెను. ఈ పుటలకై తక్కిన గ్రంథమంతయు చదువవచ్చును.

కాని ఫ్రైడే యచ్చట నిలువలేదు. మరల యజమాని వెంట నోడ నెక్కెను. దారిలో లెక్కకు మిక్కిలియైన పడవలు వారి నౌకను చుట్టుముట్టెను. వారి యుద్దేశమేమో తన భాషలో నడుగుమని క్రూసో యాజ్ఞాపింపగా, ఫ్రైడే పైకెక్కి బిగ్గరగా పలికెను. బదులుగా బాణవర్షము కురిసెను. ఫ్రైడే యచ్చటనే మరణించెను. క్రూసో యతని దేహమును సగౌరవముగా సముద్రమున నిక్షేపించి, 11 ఫిరంగులు ప్రేల్పించెను. అతని శోకము నిజమైనదే. కాని కథ యాగదు. ఓడ ముందుకు సాగును. నేను మాత్రము పుస్తకము మూసి, ద్వీపమున రెండవమారు విడువబడిన యా ముదుసలిని తలచుచు చాలసేపు కూర్చుంటిని. నావికుల నాచారము ప్రకారము ప్రేల్చిన యా ఫిరంగుల ధ్వని యతనికి వినబడియుండునా?

తరువాత మడగాస్కరున నావికులొక గ్రామమును దహించి జనులను వధింతురు. క్రూసో వారిని విడువక నిందించును. అందుకు వారతనితో పయనింపమని మొండికెత్తి, వంగదేశమున దింపివేయుదురు. అచ్చటినుండి యతడు చీనా, సైబీరియాల మీదుగా నింటికి జేరును. ఈ ప్రయాణ వర్ణనలు సుదీర్ఘములు, కొన్నియెడల విసుగు పుట్టించునవి. మొదటి భాగపు బిగువు వీనియందు లేదు.

అయినను రెండవ భాగము చదువదగినదే. మొదటి భాగము మనకు స్వావలంబనమును, ధైర్యమును నేర్పును. ఒకని సుఖాంతము పక్కనున్నవానికి సుఖాంతము కాకపోవచ్చునని రెండవది చూపును. సోదర విద్యార్థులారా, ఏ కథ చదివినను నాయకుడు గట్టు చేరగానే పుస్తకము మూయక, యతని పడవ నడిపినవా డెచ్చట నున్నాడో యొకమారు వెనుదిరిగి చూడుడు.