మంచు తోసే ఆయన డ్యూటీకి ఎలా వెళ్తాడు?

"ఏరా, రోడ్డంతా మంచైతే, ఆ మంచు తోసే లారీ డ్రైవర్ డ్యూటీకి ఎలా వెళ్తాడు?"

వీడియో కాల్‌లో అమ్మ అడిగిన ప్రశ్న ఇది. బఫెలోలో అది నా రెండో చలికాలం. ఈ డౌటు నాకెప్పుడూ రాలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే. గంటసేపు పార పట్టి ఇంటి ముందు మంచు తీసి, నడుము పట్టుకుని లోపలికి రాగానే స్నో ప్లౌ వస్తుంది. రోడ్డు మీది మంచంతా మళ్లీ మా దారికి అడ్డంగా పోసి పోతుంది. నాకు వచ్చిన తెలుగు తిట్లన్నీ ఆ బండికే ఖర్చు పెట్టాను.

ఆ డ్రైవర్లలో ఒకాయన మా పక్కింట్లోనే ఉంటాడని 2022 డిసెంబర్ 22 సాయంత్రం తెలిసింది. కారులో దుప్పటి, దిండు, ఫ్లాస్కు సర్దుకుంటున్నాడు. తుఫాను రేపు కదా, ఇవాళే ఎక్కడికని అడిగా.

"రేపైతే నేనూ వెళ్లలేను" అన్నాడు.

లారీలుండే షెడ్డులోనే మడత మంచాలు వేస్తారట. వంతులవారీగా నిద్ర. దారిలో ఎవరైనా ఆగిపోతే ఒక్కోసారి ప్లౌ లారీయే వెళ్లి ఎక్కించుకొస్తుందట. కారెక్కుతూ, "ఇంట్లో ఆవిడ, పిల్లాడే ఉంటారు. కాస్త చూస్తుండండి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఎవరూ బండి బయటికి తీయొద్దని ఆర్డరొచ్చింది. గాలి గంటకి 110 కిలోమీటర్లు దాటింది. కిటికీలోంచి చూస్తే ఎదురిల్లు లేదు, అంతా తెల్లగోడే. ఫైరింజన్లు, అంబులెన్సులు కూడా ఇరుక్కుపోయాయి. ఆ తుఫానులో మా కౌంటీలోనే 40 మందికి పైగా చనిపోయారు.

మధ్యాహ్నానికి కరెంటు పోయింది. మాది గ్యాస్ పొయ్యి, వాళ్లది కరెంటు పొయ్యి. నేనూ రూమ్మేటూ వెళ్లి ఆవిడనీ పిల్లాడినీ మా ఇంటికి తీసుకొచ్చాం. ఇరవై అడుగుల దూరం, పది నిమిషాలు పట్టింది! ఉన్న దుప్పట్లన్నీ ఒకే గదిలో వేశాం. చారన్నం పెడితే పిల్లాడు ముక్కు ఎగబీలుస్తూనే రెండోసారి అడిగాడు. ఆవిడ మాత్రం ఫోన్ చేతిలోంచి దించలేదు.

రాత్రి ఒక మెసేజ్ వచ్చింది. "లారీ ఇరుక్కుంది. బానే ఉన్నా." అంతే. తెల్లారేదాకా ఇంకేం లేదు.

అంబులెన్స్‌కి దారి చేస్తూ వెళ్తుంటే ఏమీ కనబడక పక్కకి దిగబడిపోయిందట. "హీటర్ ఆడినంతసేపూ భయం లేదు. డీజిల్ ముల్లు చూస్తూ కూర్చున్నా" అని తర్వాత చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత గానీ ఇంటికి రాలేదు. ముందు ఆసుపత్రి దారులు, మెయిన్ రోడ్లు. మాలాంటి సందులు చివర్న. ఊరి రోడ్లన్నీ తోసినాయన కారు మెయిన్ రోడ్డు మీద వదిలేసి, నడుంలోతు మంచులో నడుచుకుంటూ వచ్చాడు.

ఇదంతా అమ్మకి చెప్పా. ఆవిడకేం వింతగా అనిపించలేదు.

"మీ నాన్న నైట్ హాల్ట్ లాగేగా" అంది.

నాన్న ఆర్టీసీ డ్రైవర్. తెల్లారి ఫస్ట్ బస్సు ఊళ్లోంచి కదలాలంటే, డ్రైవరూ కండక్టరూ ముందురోజు రాత్రే ఆ ఊళ్లో ఉండాలి. బస్సులోనే పడక. వాగులు పొంగే రోజుల్లో కూడా అంతే. ఆ రాత్రుళ్లు నేను హాయిగా నిద్రపోయేవాణ్ని.

అమ్మ కాసేపాగి అడిగింది. "ఆవిడ పడుకుందట్రా, ఆ రాత్రి?"

"లేదమ్మా."

"ఊఁ" అంది.