సెగ తగిల్తేనే

1993 క్రిస్మస్ రాత్రి. దొరవారిసత్రం దగ్గర మా మాదిగపాళెం చర్చిలో పాట ఎత్తుకోగానే నా బేస్ గిటార్ మూగబోయింది. వాకిట్లో నిలబడ్డ ఊరి ఆసామి, ‘మీకు డప్పు చాలదంట్రా?’ అని నవ్వాడు. తల కొట్టేసినట్టయింది.

అదే వైరు రిథమ్ గిటార్‌కి తగిలిస్తే పలికింది. అంటే ఆంప్లిఫయరూ వైరూ బాగానే ఉన్నాయి, రోగం బేస్‌లోనే. వైరు గుచ్చేచోట మరలు విప్పా. పులికాట్ ఉప్పుగాలికి చిలుమెక్కి, టంకం ఊడి, సన్నతీగ వేలాడతా ఉంది. నాయన టార్చి పట్టాడు. మంచుకి మెత్తబడ్డ డప్పుని మంటకి కాచే చేతులవి.

‘తోలైనా రాగైనా సెగ తగిల్తేనే పలుకుద్ది అబ్బయ్యా’ అన్నాడు.

చిలుము గీకి, మైకుసెట్టు కుర్రాడి దగ్గర సోల్డరింగ్ ఐరన్ తీసుకుని టంకం పెట్టా. ధుమ్మంది. నాయన డప్పు అందుకున్నాడు. ఊరోళ్ళ చావుకీ జాతరకీ పిలిస్తేనే మోగిన ఆ డప్పు, ఆ రాత్రి మాకోసం మోగింది.