ముక్కు మీద దెబ్బ

 

మన తెలుగువాడికి రోత పుడితే చాలు, ఎవరో తన్నినట్టే చెబుతాడు, గమనించారా? కంపు ‘కొడుతుంది’. గిట్టనివాణ్ణి ఛీ ‘కొడతాం’. ఇంగ్లిషువాళ్ల బోరు కూడా మన ఇంటికొచ్చాక కొట్టడం నేర్చుకుంది. ఇక మొహం మొత్తడం ఉండనే ఉంది. మొత్తడమంటే బాదడమే కదా. నెత్తీ నోరూ మొత్తుకునేటప్పుడు చేసే పని అదే.

అయితే దెబ్బకీ దెబ్బకీ తేడా ఉంది. చెడ్డది కొడుతుంది, మంచిది మితిమీరితే మొత్తుతుంది. మురుగుకాలవ మొహం మొత్తిందని ఎవరైనా అనగా విన్నారా? పండక్కి పూటపూటా అరిసెలే పెట్టి చూడండి, మొత్తకపోతే అడగండి.

సముద్రపుటొడ్డున చేపలు పట్టే ఊరు పూడిమడక వెళ్తే ఈ కొట్టుడు ఇంకా బాగా తెలుస్తుంది. అచ్యుతాపురం దాటి వస్తుంటే సముద్రం కంటబడకముందే ఎండుచేప పలకరిస్తుంది. ఒడ్డున పరిచిన వలల మీద వేలెడేసి నెత్తళ్లు, పక్కన కవళ్లు. బయటూరివాడు ముక్కు మూసుకుని ‘అబ్బ, ఏం కంపు కొడుతోంది’ అంటాడు. చేపలు తిరగేస్తున్న ఆవిడ తలైనా ఎత్తదు: ‘కంపేటి బాబూ, సేప వాసన!’ అతన్ని ‘కొట్టే’ కంపు ఆవిడకి ఊరికే ‘వచ్చే’ వాసనన్నమాట. అన్నట్టు పాత కావ్యాల్లో కంపంటే పరిమళం కూడాను. ఆవిడ పక్షాన కవులున్నారు!

ఆ వాసనలో అసలు దోషం ట్రైమిథైలమైన్ అనే వాయువుది. సముద్రపు ఉప్పుని తట్టుకోడానికి చేప ఒంట్లో ఓ పదార్థం దాచుకుంటుంది. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని విరిచి ఈ ఘాటు వాయువుని వదులుతాయి. పులుపు తగిలితే అది లొంగిపోతుంది. ప్రయోగశాల ముఖమెరగని మన అమ్మమ్మలు చేపకి చింతపండు ఊరికే పొయ్యలేదు.

నోరూరుతోందా? నెత్తళ్ల తలలు గిల్లేసి, పెనం మీద దోరగా వేయించి, వంకాయముక్కల్లో వేసి పులుసు పొయ్యండి. వేసేముందు గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు కడగడం మరవొద్దు. ఇసక పంటికింద పడితే దానికి వేరే తిట్లున్నాయి, అవి ఇక్కడ రాయలేను.